పోలీసు రివాల్వరు – స్వదేశి ముద్ర

కాన్పూరు ప్రభుత్వ కర్మాగారమున తయారైన రివాల్వరును చూపి ‘ఇదిగో స్వదేశి’ యని మురియువారు మా మిత్రులలో సైతము కలరు. వారి సంతోషమునకు అడ్డుపడుట మా యుద్దేశము కాదు. ఇనుము మనది, కొలిమి మనది, కూలి మనది. నమూనా ఎవ్వరిది? ఆ ఆయుధము ఎవ్వరికి జవాబుదారి? ఈ రెండును అడుగక యుండజాలము.

దాని వంశమును విచారింతము. బర్మింగుహామునందలి వెబ్లీ సంస్థవారు 1868లో రాయల్ ఐరిష్ కాన్స్టేబులరీకి ఒక పొట్టి రివాల్వరును సమకూర్చిరి. పరాయి పాలనలోని ఐర్లండును అదుపునందుంచిన సాయుధ పోలీసుదళమది. ఆ సంస్థవారి .38 మార్కు 4 తరువాతిది, కాన్పూరు.32 దాని పోలికనే పుట్టినది. నడుము విరిచి తూటాలు నింపు పద్ధతియు, ఆరుగదుల దిమ్మయు నవియే. (ఆ .38 నమూనా విషయముననే వెబ్లీవారు తమ ప్రభుత్వముపై వ్యాజ్యెమాడి ఓడి, పిదప వేరొక సంఘమువలన 1,250 పౌనులు రాబట్టుకొనిరి. దొర సొత్తును దొరయే కాజేసెనన్నమాట!) 1878 నాటి ఆయుధశాసనము మనవానికి లైసెన్సు విధించి తెల్లవానిని విడిచిపెట్టెను. ఆనాడు రివాల్వరు ప్రజల కెదురుగా దొర నడుమున వ్రేలాడినది. ప్రజలకు జవాబు చెప్పుట దానికి నేర్పబడిన విద్య కాదు.

ఇప్పుడైన నేర్పితిమా? గొట్టము లోపల మెలిదిరిగిన చాళ్లుండును. గుండు వానివెంట తిరుగుచు వెలువడుటచే గురి నిలుచును. ఆ చాళ్ల గీతలు గుండుపై బడును. కోల్టువారి చాళ్లు ఎడమకును, స్మిత్ వెస్సన్ వారివి కుడికిని మెలిదిరుగును. అంతకంటె వింత యేమనగా, ఒకే యంత్రముపై నొకదానివెంట నొకటి తయారైన రెండు గొట్టములును ఒక్కతీరున గీయవు. కోయు పనిముట్టు ప్రతి కోతకు నించుక అరుగును గదా.

న్యాయవాదులకు మరియొక సంగతి తెలిసియుండవలెను. పిస్తోలు పేలినచో ఖాళీ తొడుగు ఎగిరి నేలబడును. రివాల్వరున తొడుగులు దిమ్మలోనే యుండును. కాల్చినవాడు వానిని జేబులో వేసికొని పోవచ్చును. ఇక మిగులు సాక్షి మృతుని దేహమున చిక్కిన గుండొక్కటే. గొట్టము పగులునో పగులదో యని కర్మాగారమువారు హెచ్చు బలముగల తూటాతో పరీక్షించి ముద్ర వేయుదురు. కాల్చువాని చేతికి క్షేమము. కాల్పబడినవాని కొరకు ముద్ర యేది?

2014 సెప్టెంబరు 23న సుప్రీముకోర్టువారు కాల్పుల మరణములలో పోలీసులు తమ ఆయుధములను పరీక్షకు అప్పగింపవలెనని శాసించిరి. మంచిదే, కాని అది ప్రాణము పోయిన పిమ్మటి మాట. 2019 డిసెంబరు 6న షాద్‌నగరు చెంత చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించిరి. వారు మా పిస్తోళ్లు లాగుకొనిరని పోలీసులు చెప్పిరి. 2022లో వెల్లడియైన సిర్పూర్కర్ కమిషను నివేదిక ఆ కథను నమ్మలేదు.

మే మడుగునది ముందుజాగ్రత్త. కర్మాగారము దాటకముందే ప్రతి పోలీసు ఆయుధమునుండి రెండు గుండ్లు నీటితొట్టిలోనికి కాల్చి, సంఖ్య వ్రాసి, పోలీసుశాఖకు లోబడని ప్రయోగశాలయందు భద్రపరుపవలెను. వాడుకచేతను తుప్పుచేతను గీతలు మారుననువారు కలరు. నిజమే. ఏటేట మరల కాల్పించి దాచుడు.

ఇది మనకు చేతగాని పనియా? 1910లో జాతీయ కళాశాలను నిలిపి చదువుతోబాటు చేతిపని నేర్పిన ఊరు బందరు. 1926లో అచ్చట వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్రపరికరములను చేసెను. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్సులో చేరినది. నేడా సంస్థ మన జిల్లాలోనే సైనికులకు చీకటిలో చూపునిచ్చు సాధనములను చేయుచున్నది. రెండు గుండ్లను ప్రక్కప్రక్కన నుంచి గీతలు సరిపోల్చు సూక్ష్మదర్శినికిని కావలసినది మంచి అద్దములే. మా గూడూరు కుర్రవారు బస్సెక్కి పోవునంత దూరముననే ఆ పనితనమున్నది. ఐర్లండు కొరకు గీసిన నమూనాను నకలు చేయుటకంటె స్వదేశి యను పేరు దీనికి తగును.

ఖర్చని హోంశాఖవారందురేమో. రెండు తూటాలు, ఒక కాగితపు పొట్లము, పుస్తకమున నొక పంక్తి. రాబోవు శాసనసభా సమావేశమున మన జిల్లా సభ్యులలో నెవరు లేచి ఈ ప్రశ్న వేయుదురో చూడగోరుచున్నాము.