తాబేలును చంపినవాడెవడు?

ఇచ్ఛాపురము మొదలు తడ వఱకును గల మన సముద్రతీరమునకు, పుష్యమాసము మొదలు ఫాల్గునము వఱకు, ఆలివ్ రిడ్లే యను జాతి తాబేళ్లు ఏటేట రాత్రివేళల వచ్చును. ఒక్కొక్కటి ఇసుకలో గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, మరల సముద్రములోనికి పోవును. ఆ ఇసుకమీదనే నేడు మన పట్టణపు మురుగుకాలువలు మోసికొనివచ్చిన ప్లాస్టిక్కు సంచులును, గ్లాసులును, తెగిన నైలాను వలలును పడియున్నవి. శ్రీకూర్మమున కూర్మనాథునికి మ్రొక్కి, కొబ్బరికాయలు తెచ్చిన సంచిని గాలికి వదలి వచ్చు భక్తులును మనలో లేకపోలేదు.

మేము న్యాయస్థానములలో మెలగువారము గనుక మొదట చట్టమును చూచితిమి. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందలి మొదటి షెడ్యూలులో నున్నది. దానిని కత్తితో చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్ల వఱకు చెఱసాల. సంచితో చంపినవాని మాట యేమి? చేసినవాడు, అమ్మినవాడు, పారవేసినవాడు—వీరిలో నేయొక్కనిని దోషిగా నిలువబెట్టుట శక్యము గాదు. హత్య కలదు, హంతకుడు లేడు!

ఆ హత్య జరుగు తీరు వినదగినది. సముద్రపు తాబేలు గొంతులో లోపలివైపునకు వంగిన ముండ్లు కలవు. మ్రింగిన యుప్పునీటిని వెడలగ్రక్కునప్పుడు ఆహారము జారిపోకుండ ప్రకృతి చేసిన యేర్పాటది. ఆ ముండ్లే నేడు దానికి మృత్యువైనవి. నీట తేలు సంచిని జెల్లీచేప యనుకొని మ్రింగినయెడల తిరిగి కక్కలేదు. ప్రేగులు మూసికొనును, కడుపు నిండినట్లుండి ఆకలి చచ్చును, లోపల వాయువు చేరి మునుగలేక పైననే తేలియాడుచు పడవల తాకుడునకు గురియగును. ఒక్క ముక్క మ్రింగిన తాబేలు చచ్చుటకు నూటికి 22 పాళ్లును, పదునాలుగు ముక్కలు మ్రింగినదానికి 50 పాళ్లును అవకాశము గలదని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2018లో లెక్కకట్టిరి. కన్ను మోసపోవుట యొక్కటియే కాదు. కొన్ని వారములు సముద్రమున నానిన ప్లాస్టిక్కు వాసనకు వేఱొక జాతి తాబేళ్లు ఆహారపు వాసనకు వలెనే చలించినవని అమెరికాలో 2020లో తేలినది.

మరబోట్ల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చునవి లేవా యని కొందఱు మిత్రులు మమ్మడిగిరి. ఉన్నవి, ఆ నేరము చిన్నది గాదు. తాబేలు తప్పించుకొనుటకు వలలో దారి నుంచవలయునని మేమును కోరుచున్నాము. కాని తెగి సముద్రమున విడువబడిన వల మాత్రము ప్లాస్టిక్కు గాదా? పట్టువాడు లేకయే అది యేండ్ల తరబడి పట్టుచునే యుండును.

ఇక నిషేధము. 2022 జూలై 1వ తేదీ నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, గొట్టములు మొదలగువాని తయారు, దిగుమతి, నిలువ, పంపకము, అమ్మకము, వాడుక యన్నియు నిషిద్ధములు. 120 మైక్రానులకు తక్కువ మందముగల సంచులు ఆ సంవత్సరము డిసెంబరు 31 నుండి కూడవు. మేము చూచినంత వఱకు అధికారుల దాడి యెప్పుడును కూరగాయలమ్ముకొను ముసలమ్మ గంపతోనే ముగియుచున్నది. ఆమె సంచులను తాను చేసికొన్నదా? ఎవరో చేసిరి, ఎవరో గోదాములో దాచిరి. తయారును ముందు చెప్పి వాడుకను చివఱ చెప్పిన నిబంధనను మనవారు తలక్రిందుగా చదువుచున్నారు. ఇది చాలదన్నట్లు, ఈ నిషేధమునకు మూలమైన 1986 నాటి పర్యావరణ రక్షణ చట్టమున చెఱసాల శిక్షకు మారుగా 2024 ఏప్రిల్ 1 నుండి ధనదండనము వచ్చినది. గంపయమ్మకు పదివేలు సర్వస్వము. కర్మాగారపు యజమానికి అది యొక పూట ఖర్చు.

కావున తీరపట్టణములందలి మా పాఠకులకు ఒక పని చెప్పుచున్నాము. 2005 నాటి సమాచారపు హక్కు చట్టము క్రింద మీ పురపాలక కార్యాలయమును మూడు ప్రశ్న లడుగుడు: గడచిన సంవత్సరము ఎన్ని గోదాములను సోదా చేసిరి? ఎందఱు తయారీదారులకు దండన విధించిరి? సముద్రమున కలియు కాలువల మొగలయొద్ద చెత్తను ఆపు వలగాని చట్రముగాని యెన్నిచోట్ల కట్టిరి? ముప్పది దినములలో ప్రత్యుత్తర మీయవలసియున్నది. వచ్చిన ప్రత్యుత్తరములను, రాకపోయిన ఆ సంగతిని, మాకు పంపినయెడల ఊరి పేరుతో ప్రకటింతుము.