వెనుక వచ్చే బండి



పోయిన నెలలో మా వీధిలోని ఒక తల్లి కళ్ళనీళ్ళతో మా ఇంటికి వచ్చింది. "మావాడు మోటారు సైకిలు మీద హైదరాబాదు పోతానని కూర్చున్నాడు. బస్సుకు పొమ్మంటే వినడం లేదు. మీరైనా చెప్పండయ్యా" అంది. నేను ఆ కుర్రవాణ్ణి పిలిచి వెళ్ళవద్దని చెప్పలేదు. "నీ వెనుక ఎవరు వస్తున్నారు నాయనా?" అని మాత్రం అడిగాను. ఎందుకు అడిగానో మీకూ చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా మేనల్లుడు మార్కాపురం నుండి శ్రీశైలం దారిన హైదరాబాదు బయలుదేరాడు. మా అక్క పట్టుబట్టి వాడి స్నేహితుణ్ణి కూడా ఇంకో బండి మీద పంపింది. దోర్నాల, సున్నిపెంట దాటి, కృష్ణ దాటి, దోమలపెంట ఎక్కేవరకు ఇద్దరూ కలిసే ఉన్నారు. అక్కడినుండి అంతా నల్లమల అడవి. చాలాచోట్ల ఫోను పలకదు. మావాడిది కొత్త బండి. వటువర్లపల్లి టీ కొట్టు దగ్గర కలుద్దామని ముందుకు దూసుకుపోయాడు.

ఒక మలుపులో రోడ్డుమీద ఇసుక ఉంది. బండి జారింది. మావాడు రోడ్డు పక్క పల్లంలో, పొదల్లో పడ్డాడు. కాలు విరిగింది. పది నిమిషాల తరువాత స్నేహితుడి బండి చప్పుడు వినిపించింది. గట్టిగా కేక వేశాడు. ఆ బండి ఆగకుండానే వెళ్ళిపోయింది.

"మామయ్యా, కాలు విరిగినప్పటికంటే ఆ చప్పుడు దూరమైపోయినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది" అని తరువాత నాతో అన్నాడు.

టీ కొట్టు దగ్గర మావాడి బండి కనబడకపోయేసరికి ఆ స్నేహితుడు టీ కూడా తాగలేదు. బండి వెనక్కి తిప్పి, ప్రతి మలుపులో ఆపి, పేరు పెట్టి పిలుస్తూ వచ్చాడు. దొరికించుకున్నాడు. ఎదురుగా వచ్చిన ఆర్టీసీ బస్సును ఆపి, కిలోమీటరు రాయి మీది అంకె డ్రైవరుకు చెప్పి, ఫోను పలికేచోట 108కి చెప్పమన్నాడు. అంబులెన్సు వచ్చేవరకు వాణ్ణి కదలనివ్వలేదు. ఈనాడు మావాడు కుంటకుండా నడుస్తున్నాడంటే ఆ స్నేహం వల్లనే.

అయితే ఒక్క మాట. తోడు ఉన్నా మావాడు తోడును విడిచిపెట్టాడు. తప్పు అక్కడ జరిగింది. గనుక యౌవనస్థులారా, ఈ సంగతులు మనసులో పెట్టుకోండి.

నెమ్మదిగా నడిపేవాణ్ణి ముందు పెట్టండి. ముందున్నవాడు అద్దంలో వెనుక బండిని చూసుకుంటూ ఉండాలి. అది కనబడకపోతే వేగం తగ్గించాలి. అప్పటికీ రాకపోతే పక్కకు తీసి ఆగాలి. అలాగని మరీ ఆనుకుని పోవద్దు. ముందు బండి ఒక చెట్టును దాటిన తరువాత కనీసం రెండు సెకన్లకు మీరు ఆ చెట్టును దాటాలి. వానలో ఇంకా ఎక్కువ ఎడం ఉండాలి. మలుపుల్లో పక్కపక్కన కాక ఒకరి వెనుక ఒకరు వెళ్ళండి.

బయలుదేరే ముందు ఒకరి బండిని ఇంకొకరు చూడండి. టైర్లలో గాలి, బ్రేకులు, చైను, దీపాలు, పెట్రోలు. మన బండి లోపం మన కంటికి ఆనదు. నిద్ర ముంచుకొస్తే స్నేహితుడితో చెప్పడానికి సిగ్గుపడవద్దు. అతడు ఆగుదామంటే ఆగండి. మన్ననూరు, దోమలపెంటల మధ్య రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. ఆ వేళకు అక్కడికి చేరాలని పరుగు తీయవద్దు.

స్నేహితుడు పడిపోతే ముందుగా మీ బండి దీపాలు వెలిగించి, వచ్చే వాహనాలు అతణ్ణి తొక్కకుండా చూడండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఊపిరి సరిగా ఆడుతుంటే హెల్మెట్ లాగవద్దు, మెడ కదిలించవద్దు. నీళ్ళు తాగించవద్దు. ఇద్దరి మధ్య బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోవద్దు. 108ని పిలవండి. మొదటి గంట చాలా విలువైనది.

ఆ దారిన పోయే పెద్దలకూ ఒక మాట. పోలీసు కేసని భయపడి ముఖం తిప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, గాయపడినవారికి మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తున్నది.

తల్లిదండ్రులారా, పిల్లలు ఏ దారిన పోతున్నారో, ఎక్కడెక్కడ ఆగి ఫోను చేస్తారో అడిగి రాసి పెట్టుకోండి. ఆ వెంట వెళ్ళే స్నేహితుడి ఫోను నంబరు, వారింటి నంబరు కూడా తీసుకోండి.

మా వీధి కుర్రవాడు నా ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత ఇంకొక అబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. "వీడు నాకంటే నెమ్మదిగా నడుపుతాడండి" అన్నాడు.

"అయితే వాణ్ణే ముందు పోనియ్యి" అన్నాను.