పశువుల న్యుమోనియా: సూదిమందు ఎందుకు పట్టడం లేదు?

సంత నుంచి తెచ్చిన గేదె మూడో రోజుకే మేత మానేస్తుంది. ముక్కు కారుతుంది, దగ్గుతుంది, ఒళ్లు కాలిపోతుంది. ఇంట్లోవాళ్లు మందుల షాపులో అడిగి ఒక సూదిమందు తెచ్చి వేయిస్తారు. తగ్గదు. మర్నాడు ఇంకో రకం, ఆ మర్నాడు మరింత ఖరీదైన రకం. పాడి మీద బతికే ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గేదె చనిపోతే పోయేది ఒక పశువు మాత్రమే కాదు. నెల నెలా వచ్చే పాల డబ్బు, పిల్లల ఫీజు కూడా దాంతోనే పోతాయి. గేదెను కొనడానికి చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

మందు ఎందుకు పట్టలేదు? ఈ ప్రశ్న మీద ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికా, కెనడాల్లో. అక్కడ వేల పశువులను ఒకేచోట ఉంచి మాంసం కోసం మేపే కేంద్రాలు ఉన్నాయి. వాటిలో జరిగింది గమనిస్తే ఏ పని చేయకూడదో తెలుస్తుంది.

లారీ దిగగానే జ్వరం

అక్కడ ఈ జబ్బుకు వాడుకలో ఉన్న పేరు 'షిప్పింగ్ ఫీవర్', అంటే రవాణా జ్వరం. తల్లి పాలు మాన్పించిన దూడలను వేలంలో కొని, గంటల తరబడి లారీల్లో తరలించి, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన పశువులతో కలిపి కట్టేస్తారు. ఆ అలసటకు, బెదురుకు వైరస్‌లు తోడై ఒంట్లో శక్తిని తగ్గిస్తాయి. అప్పటిదాకా ముక్కులో, గొంతులో హాని చేయకుండా ఉన్న మ్యాన్‌హీమియా, పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియాలు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చేసిన సర్వే ప్రకారం మేపుడు కేంద్రాలకు చేరిన పశువుల్లో సుమారు 16 శాతానికి ఈ జబ్బు వచ్చింది.

దీనికి అక్కడి యాజమాన్యాలు కనుక్కున్న దారి, రిస్కు ఎక్కువనిపించిన మందలో లారీ దిగిన పశువులన్నిటికీ యాంటీబయాటిక్ సూది వేసేయడం. జబ్బు ఉన్నదానికీ వేస్తారు, లేనిదానికీ వేస్తారు. ఒక్కసారి వేస్తే రోజుల తరబడి ఊపిరితిత్తుల్లో నిలిచే మందులు రావడంతో ఈ పని ఇంకా సులువైంది. చావులు తగ్గిన మాట నిజమే. కానీ ప్రతి మందలోనూ మందుకు తట్టుకున్న క్రిములే మిగిలి, పెరిగి, పక్క పశువులకు పాకాయి.

కాన్సాస్‌లోని ఒక పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్ లెక్కలు ఈ వేగాన్ని చూపించాయి. 2009లో అక్కడికి వచ్చిన మ్యాన్‌హీమియా నమూనాల్లో అయిదు లేదా అంతకన్నా ఎక్కువ మందులకు లొంగనివి దాదాపు 5 శాతం. 2011 నాటికి అవి 35 శాతం దాటాయి. ఇలాంటి ల్యాబులకు ఎక్కువగా వచ్చేది చికిత్సకు తగ్గని పశువుల, చనిపోయిన పశువుల నమూనాలే కాబట్టి మంద అంతటా ఇదే పరిస్థితి ఉందని అనుకోకూడదు. అయినా రెండేళ్లలో ఇంత మార్పు చిన్న విషయం కాదు.

జన్యువుల మూట

ఒక మందు వాడితే అయిదు మందులు ఎందుకు పనికిరాకుండా పోతున్నాయి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలోని నెబ్రాస్కాలో 2005లో ఒక పశువు నుంచి సేకరించిన పాశ్చురెల్లాను శాస్త్రవేత్తలు తర్వాత పూర్తిగా పరిశీలించారు. దాని జన్యు పదార్థంలో ఒకే ముక్క మీద 12 నిరోధక జన్యువులు వరుసగా కనిపించాయి. టెట్రాసైక్లిన్, సల్ఫా, జెంటామైసిన్, ఫ్లోర్‌ఫెనికాల్, టిల్మికోసిన్ లాంటి వేర్వేరు రకాల మందులను తట్టుకునే శక్తి ఆ ఒక్క మూటలోనే ఉంది. పైగా ఆ మూట ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేతులు మారుతుంది. ప్రయోగశాలలో అది పాశ్చురెల్లా నుంచి మ్యాన్‌హీమియాకు, పేగుల్లో ఉండే ఈ.కోలైకి కూడా చేరింది.

అంటే టెట్రాసైక్లిన్ ఒక్కటే వాడినా ఆ మూట మొత్తం బతుకుతుంది. ఈ మందు పనిచేయలేదని ఇంకో మందుకు మారినా, అదీ మూటలో ఉన్నదే అయితే ఫలితం సున్నా. షాపు మారుస్తూ, సూది మారుస్తూ పోయే పద్ధతి అందుకే దెబ్బతింటుంది.

మనుషులకు ఏమిటి సంబంధం?

మ్యాన్‌హీమియా మనుషులకు జబ్బు తేవడం చాలా అరుదు. కాబట్టి పశువు దగ్గితే ఇంటిల్లిపాదికీ న్యుమోనియా వస్తుందన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది మందుల విషయంలో. పశువులకు వేసే ఎన్రోఫ్లాక్సాసిన్ వాటి ఒంట్లో కొంతవరకు సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. ఆస్పత్రుల్లో మనుషులకు రాసేదీ అదే. పశువుల సెఫ్టియోఫర్, మనుషుల సెఫ్ట్రియాక్సోన్ ఒకే కుటుంబం. కొట్టంలో ఈ మందులను విచ్చలవిడిగా వాడితే పశువు పేగుల్లోని క్రిములు కూడా వాటికి అలవాటు పడతాయి. పేడ, నీరు, చేతుల ద్వారా అవి బయటికొస్తాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అంచనా. ఆ చావుల్లో మనుషుల ఆస్పత్రుల్లో జరిగే దుర్వినియోగం పాత్ర పెద్దది. పశువుల వాటా కూడా తోసిపుచ్చగలిగింది కాదు.

చట్టం ఎంతవరకు?

బరువు పెరగడం కోసం మేతలో, నీళ్లలో మనుషులకు కీలకమైన యాంటీబయాటిక్స్ కలపడాన్ని అమెరికా 2017 జనవరి నుంచి ఆపింది. ఒక్క ఏడాదిలో పశువుల కోసం అమ్మే ఆ మందులు మూడో వంతు తగ్గాయి. 2023 జూన్ నుంచి డాక్టర్ చీటీ లేనిదే ఇవి దొరకవు. అయితే జబ్బు రాకముందే మంద మొత్తానికి సూది వేసే అలవాటు అక్కడ డాక్టర్ అనుమతితో ఇంకా సాగుతోంది. ఐరోపా సమాఖ్య 2022 జనవరి 28 నుంచి దీన్ని కూడా కట్టడి చేసింది. మందకు మందు వేయాలంటే జబ్బు వ్యాపించే ముప్పు గట్టిగా ఉండాలి, వేరే మార్గం ఉండకూడదు.

భారత్ 2019లో ఆహారం కోసం పెంచే జీవాలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. పాలు, మాంసం, గుడ్లలో యాంటీబయాటిక్ అవశేషాలపై ఆహార భద్రతా సంస్థ కఠినతరం చేసిన నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. అందులో ఎక్కువ భాగం ఒకటి రెండు పశువులున్న ఇళ్లలోనివే. అన్ని ఇళ్లకూ ఇన్‌స్పెక్టర్ వెళ్లలేడు.

గొంతువాపు చెప్పే మాట

తెలుగు రాష్ట్రాల రైతులకు పాశ్చురెల్లా కొత్త కాదు. తొలకరి వానలతో వచ్చే గొంతువాపు, అంటే గురక వ్యాధి, ఇదే క్రిమిలోని ఇంకో రకం వల్ల వస్తుంది. గేదెల మీద దాని దెబ్బ మరీ గట్టిది. తీవ్ర జ్వరం, గొంతు కింద వాపు, గురక, ఒక్కోసారి రోజు తిరగకముందే చావు. మొదటి గంటల్లో సరైన మందు పడితేనే ఆశ. పనిచేయని సూదితో ఒక పూట పోతే గేదె పోయినట్టే.

అయితే ఈ జబ్బుకు టీకా ఉంది. హైదరాబాద్ శాంతినగర్‌లోని ప్రభుత్వ పశువైద్య జీవ పరిశోధన సంస్థ ఇలాంటి టీకాలు తయారు చేసేదే. వానలకు ముందే టీకా వేయిస్తే యాంటీబయాటిక్ అవసరమే చాలావరకు తప్పుతుంది. అమెరికా అనుభవం చెప్పేది కూడా ఇదే. జన్యువుల మూట ఒకసారి తయారయ్యాక మందు మార్చి గెలవడం కష్టం. మందు అవసరాన్ని తగ్గించుకోవడమే మిగిలిన దారి.

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. సంత నుంచి తెచ్చిన పశువును రెండు మూడు వారాలు విడిగా కట్టేయాలి. దూరం నుంచి తెస్తే దారిలో నీళ్లు, విశ్రాంతి ఇవ్వాలి. కొట్టంలో గాలి ఆడాలి. జబ్బు చేస్తే షాపుకు కాకుండా ముందు పశువుల ఆస్పత్రికి వెళ్లాలి. తగ్గినట్టు కనిపించినా డాక్టర్ చెప్పినన్ని రోజులూ మందు వేయించాలి. ఆయన చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు అమ్మకూడదు, ఇంట్లో వాడకూడదు. పాలు కాచితే క్రిములు చస్తాయి గానీ మందు అవశేషాలు చాలావరకు అలాగే ఉంటాయి. ఆ గ్లాసు పాలు తాగేది ఇంట్లో పిల్లలే.