ఇంటిపేరు మారిన జావా

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే వదిన ఫోను. ''నువ్వు పేపర్లో కంప్యూటర్ల గురించి రాస్తుంటావు కదా, ఒక్కసారి ఇంటికొచ్చి వెళ్తావా?'' అంది. గొంతు అదోలా ఉంది. అన్నయ్య వాళ్లిల్లు రెండు వీధుల అవతలే. వెళ్లి చూస్తే డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ, తెర నిండా ఎర్ర గుర్తులు. లెక్కల మాస్టారు కోపంగా దిద్దిన పేపర్లా ఉంది!

''అంతా మర్చిపోయాననుకుంటా. సోమవారం పొద్దున పదింటికి చూపించాలి'' అని కళ్లు తుడుచుకుంది.

కాస్త వెనక్కి వెళ్లాలి. మా వదిన 2008లో అమీర్‌పేటలో జావా నేర్చుకుంది. స్పైరల్ బైండింగ్ చేయించిన ఆ జిరాక్స్ నోట్సు ఇప్పటికీ ఆమె దగ్గరుంది. ఐదేళ్లకు పైగా ఉద్యోగం చేసి, బాబు పుట్టాక 2014లో మానేసింది. వాడు హైస్కూల్లోకి వచ్చాడు, మళ్లీ ప్రయత్నిద్దామనుకుంది. ఎన్ని చోట్లకు పంపినా 'ఇంత గ్యాప్ ఏమిటండీ' అనేవాళ్లే. చివరికి ఓ చిన్న కంపెనీ మాత్రం ఓ పని ఇచ్చి, ఇంట్లో చేసుకొచ్చి చూపించమంది. డేటాబేస్‌లోంచి ఉద్యోగుల జాబితా తీసి బ్రౌజర్లో కనిపించేలా చెయ్యాలి. జావా 17, టామ్‌క్యాట్ 10.1, మై ఎస్‌క్యూఎల్ వాడాలి. వదిన లెక్క ప్రకారం రెండు గంటల పని. శుక్రవారం పొద్దున మొదలెట్టింది. శనివారం రాత్రికి కూడా ఒక్క పేజీ తెరుచుకోలేదు.

నాదా, జర్నలిజం డిప్లొమా. జార్ అంటే నాకు గుర్తొచ్చేది ఆవకాయ జాడీ. తర్వాత తెలిసింది, పోలిక మరీ అంత దూరమేమీ కాదని. ఎవరో ఎక్కడో రాసిన ప్రోగ్రాముల్ని మూటగట్టి ఇచ్చే ఫైలు పేరే జార్. అలాంటి వాటినే లైబ్రరీలంటారు. మనం పచ్చడి పెట్టక్కర్లేదు, పుట్టింటి నుంచి వచ్చిన జాడీ మూత తీసి వడ్డించుకోవడమే. చిక్కల్లా ఏ జాడీ ఎక్కడ పెట్టాలి, ఏ ఏడాదిది వాడాలి అన్న దగ్గరే.

శుక్రవారం వచ్చిన మొదటి ఎర్ర గుర్తుల కథ వదినే చెప్పింది. డేటాబేస్‌తో మాట్లాడే మామూలు కనెక్షన్ క్లాసును పట్టుకుని ఎక్లిప్స్ 'ఇది అందుబాటులో లేదు' అంటోందట. ఆ క్లాసు జావాతోపాటే వస్తుంది, ఎవరూ విడిగా తెచ్చుకోరు. ఇంట్లో ఉన్న బియ్యం డబ్బా కనబడటం లేదన్నట్టుంది వ్యవహారం. సగం రోజు పోయాక దొరికింది దొంగ. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు 'మాడ్యూల్ ఇన్ఫో' అనే ఫైలు కూడా తయారైపోయింది. 2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9తో మొదలైన పద్ధతి ఇది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ అనుకోండి. ఆ ఫైలు ఉందంటే, అందులో పేరు రాసి ఉన్నవాళ్లకే లోపలికి దారి. డేటాబేస్ మాడ్యూల్ కావాలని అందులో రాయలేదు కాబట్టి ఆపేసింది. రాయొచ్చు, లేదా ఆ ఫైలే తీసేయొచ్చు. టామ్‌క్యాట్ మీద నడిచే ఇలాంటి చిన్న ప్రాజెక్టులకు ఆ రిజిస్టర్‌తో పనే లేదు, టామ్‌క్యాట్ దాన్ని పట్టించుకోదు. వదిన ఫైలు తీసేసి, మాడ్యూల్ పాత్‌లో ఉన్న జార్లను క్లాస్ పాత్‌లోకి మార్చింది. ఆ ఎరుపు పోయింది.

వెంటనే ఇంకో ఎరుపు. ఈసారి సర్వ్‌లెట్ కనబడటం లేదు. నోట్సులో ఉన్నట్టే పాత సర్వ్‌లెట్ జార్ ఒకటి ఎక్కడో వెతికి దించుకుని బిల్డ్ పాత్‌లో కలిపింది. ఎర్ర గుర్తులన్నీ మాయం! సంబరంగా రన్ నొక్కితే బ్రౌజర్లో 500 నంబరు ఎర్రర్. 'నో క్లాస్ డెఫ్ ఫౌండ్' అట.

జావా వెబ్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడేనని తర్వాత తెలిసింది. బిల్డ్ పాత్ అనేది ప్రోగ్రాం రాసేటప్పుడు ఎక్లిప్స్ చూసుకునే చోటు. టామ్‌క్యాట్ అక్కడికి రాదు. దానికి కావాల్సినవి వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపలుండే లిబ్ ఫోల్డర్లో ఉండాలి, లేదా టామ్‌క్యాట్ సొంత లిబ్‌లో ఉండాలి. ఎర్ర గుర్తులు పోయాయంటే రాసేటప్పుడు సరిపోయిందని మాత్రమే, నడిచేటప్పుడు దొరుకుతుందని కాదు. వదినకు ఇది గుర్తుంది. అందుకే జార్‌ను లిబ్‌లోకి కూడా కాపీ చేసింది. అప్పుడు టామ్‌క్యాట్ ఏమందో తెలుసా? 'మీ క్లాసు సర్వ్‌లెట్ కాదు' అంది!

పొద్దుట్నుంచీ ఆమెను ఏడిపిస్తున్నది ఈ ముక్కే. ''సర్వ్‌లెట్‌ను చూపించి సర్వ్‌లెట్ కాదంటుందేమిటి? నేను రాసింది అదే కదా, నోట్సులో కూడా ఇలాగే ఉంది కదా'' అని నా ముందు పుస్తకం తెరిచింది. నిజమే, అక్షరం పొల్లుపోకుండా ఉంది. నాకేం తెలుసని చెప్పను? మా ఆఫీసులో వెబ్‌సైటు చూసుకునే కుర్రాడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పదిన్నరైంది, పాపం పడుకుని ఉన్నాడు. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ''మేడమ్, ఏ టామ్‌క్యాట్?''

పది అంది వదిన. ''అయితే మీ తప్పేం లేదు మేడమ్. ఇంటిపేరు మారిపోయింది, అంతే.''

ఆ ఇంటిపేరు కథ చెప్పుకోవాలి. జావాను 1995లో లోకానికిచ్చింది సన్ మైక్రోసిస్టమ్స్. 2010లో ఆ కంపెనీని ఒరాకిల్ కొనేసింది. పెద్ద కంపెనీల సర్వర్ల కోసం ఉన్న జావా ఈఈ అనే భాగాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తామని 2017లో ఒరాకిల్ ప్రకటించింది. ఇల్లయితే ఇచ్చారు గానీ ఇంటిపేరు ఇవ్వలేదు. జావా అన్న మాట ఒరాకిల్ ట్రేడ్‌మార్కు మరి. అందుకని 2018లో దానికి జకార్తా ఈఈ అని పేరు పెట్టారు. (జకార్తా ఉన్నది జావా దీవిలోనే. చమత్కారం బాగానే ఉంది.) ప్రోగ్రాముల్లో వాడే 'జావాఎక్స్' అన్న పేరు కిందైనా మార్పులు చేసుకోనిస్తారా అని బేరాలు సాగి, కుదరక 2019 మేలో తెగిపోయాయి. చివరికి 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో జావాఎక్స్ తీసేసి జకార్తా అని పెట్టేశారు. టామ్‌క్యాట్ 9 వరకూ పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. లోపలి పని దాదాపు అదే. కానీ కంప్యూటరుకు పేరే ముఖ్యం. జావాఎక్స్ వారి సర్వ్‌లెట్‌కు, జకార్తా వారి సర్వ్‌లెట్‌కు దాని దృష్టిలో చుట్టరికం లేదు.

వదిన నవ్వింది. ''పెళ్లయ్యాక నా పాస్‌పోర్టుకు పడ్డ తిప్పలే ఇవీ'' అంది. బ్యాంకులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు... ఆడవాళ్లకు ఈ ఎర్రర్ కొత్తేం కాదులెండి.

ఇక్కడ ఓ మాట. పాత ప్రాజెక్టు ఉన్నదున్నట్టు నడిస్తే చాలనుకునేవాళ్లు టామ్‌క్యాట్ 9 మీద ఉండిపోవచ్చు. పాత ప్రోగ్రామును కొత్త పేరులోకి మార్చే పనిముట్టును టామ్‌క్యాట్ వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు. వదినకు మాత్రం 10.1 తప్పదు, కంపెనీ అడిగిందదే.

ఆదివారం పొద్దున ఉత్సాహంగా మొదలుపెట్టి, ప్రాజెక్టు మొత్తంలో జావాఎక్స్ ఉన్న చోటల్లా జకార్తా అని ఒక్క దెబ్బకు మార్చేసింది. మళ్లీ ఎరుపు! అన్ని జావాఎక్స్‌లూ ఇల్లు మారలేదు మరి. డేటాబేస్ కనెక్షన్లు చూసే జావాఎక్స్ ఎస్‌క్యూఎల్ లాంటివి అసలు జావాలోనే ఉండిపోయాయి. సర్వ్‌లెట్, జేఎస్‌పీ, పర్‌సిస్టెన్స్ వంటి వెబ్, సర్వర్ తాలూకువి మాత్రమే వెళ్లాయి. అమ్మాయి పెళ్లయిందని పుట్టింటివాళ్లందరి ఇంటిపేరూ మార్చేస్తే ఎలా? వాటిని వెనక్కి తెచ్చేసరికి గంట పట్టింది.

ఆ కుర్రాడు ఇంకో సలహా కూడా ఇచ్చాడు. జార్లను ఊరూపేరూ లేని సైట్ల నుంచి దించుకోవద్దు, మావెన్ వాడండి అని. మావెన్ అంటే సరుకుల చీటీ పద్ధతి. పామ్ అనే ఫైల్లో ఏం కావాలో రాసిస్తే అదే వెళ్లి తెస్తుంది. ఒక్కో సరుకుకు మూడు వివరాలు రాయాలి. గ్రూపు, పేరు, వెర్షన్. గ్రూపు అంటే ఇంటిపేరే! మై ఎస్‌క్యూఎల్ కనెక్టర్‌కు కూడా ఈ మధ్య గ్రూపు మారిందట, లోపలి డ్రైవర్ క్లాసు పేరు అంతకుముందే మారింది. వదిన నోట్సులో ఉన్నది రెండూ పాతవే.

చీటీలో స్కోప్ అని ఇంకో గడి ఉంటుంది. దాన్ని వదిలేస్తే కొంప మునుగుతుంది. కల్యాణ మండపం మాట్లాడుకున్నారనుకోండి. గుండిగలు, గరిటెలు మండపం వాళ్లే ఇస్తారు. తలంబ్రాల బియ్యం మనం పట్టుకెళ్లాలి. సర్వ్‌లెట్ జార్ గుండిగ లాంటిది, టామ్‌క్యాట్ దగ్గర ఉంది. అందుకని చీటీలో దాని పక్కన 'ప్రొవైడెడ్' అని రాయాలి. రాసేటప్పుడు చూసుకోవడానికి తెస్తుంది గానీ, ప్రాజెక్టుతోపాటు మూటగట్టదు. జేఎస్‌టీఎల్ అనే ట్యాగుల లైబ్రరీ టామ్‌క్యాట్ దగ్గర లేదు, అది మనం మోసుకెళ్లాల్సిందే. పైగా అందులో రెండున్నాయి. ఒకటి ఏపీఐ, అంటే వంటల పట్టిక. రెండోది అసలు వంట. చాలామంది మొదటిది తెచ్చుకుని, 'ట్యాగుల చిరునామా దొరకలేదు' అన్న ఎర్రర్ చూసి తల పట్టుకుంటారు. వదిన రెండూ రాసింది.

సరిగ్గా అవి దిగుతుండగా కరెంటు పోయింది. రౌటర్ ఆగింది. పదిహేను నిమిషాలకు వచ్చింది గానీ మావెన్ మొండికేసింది. ఇందాక దొరకలేదు కాబట్టి ఇప్పుడు మళ్లీ వెతకనంటుంది! అలా రాసిపెట్టుకుంటుందట. అప్పుడు హైఫన్ పెట్టి పెద్ద యు అక్షరం కలిపి మావెన్‌ను నడపాలి. అప్పటికీ వినకపోతే ఎం2 ఫోల్డర్లో 'లాస్ట్ అప్‌డేటెడ్' అన్న తోకతో ఉన్న ఫైళ్లు తీసేసి మళ్లీ నడపాలి. వదినకు మొదటిదే పనిచేసింది.

రాత్రి తొమ్మిదికి లాగిన్ పేజీ తెరుచుకుంది. జాబితా పేజీ దగ్గర మళ్లీ 500. మళ్లీ జావాఎక్స్ దొరకలేదనే! మా కోడ్‌లో ఎక్కడ వెతికినా ఆ పేరు ఒక్కటీ లేదు. పదకొండైంది. అన్నయ్య వచ్చి ''పోనీలే, ఇంకో కంపెనీ చూద్దాం'' అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు గానీ, ఆ మాటకు వదిన ముఖం చూడాల్సింది.

ఎర్రర్ సందేశాన్ని అందరూ పైనుంచి చదువుతారు. కిందికి పోయి చివరి 'కాజ్డ్ బై' అన్న లైను చూడాలని ఆ కుర్రాడు చెప్పిన మాట గుర్తొచ్చింది. చూశాం. జేఎస్‌టీఎల్ పేరుంది. కొత్తది తెచ్చాం కదా? డిపెండెన్సీ ట్రీ చూపించమని మావెన్‌ను అడిగింది వదిన. మనం రాసిన సరుకులు, వాటితోపాటు వచ్చిన చుట్టాలు, చుట్టాల చుట్టాలు అన్నీ వంశవృక్షంలా వచ్చాయి. (2021 డిసెంబరులో లాగ్4జే అనే లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడినప్పుడు, అది తమ దగ్గర ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రపంచమంతా ఇలాంటి వృక్షాలే తిరగేసింది. చాలామంది దాన్ని పిలవనే లేదు, ఎవరి వెంటో వచ్చింది.) మా వృక్షంలో మాత్రం అన్నీ జకార్తా వారే. మరి పాతవాళ్లెవరు?

''లిబ్!'' అంది వదిన ఉన్నట్టుండి. శుక్రవారం చేత్తో కాపీ చేసిన పాత జార్లు వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో అలాగే ఉన్నాయి. అందులో జేఎస్‌టీఎల్ 1.2. చీటీలో లేదు కాబట్టి వృక్షంలో కనిపించలేదు, ఇంట్లో మాత్రం తిష్ఠ వేసుక్కూచుంది. ఫోల్డర్ మొత్తం ఖాళీ చేసి, క్లీన్ కొట్టి, మళ్లీ కట్టింది. పదకొండూ నలభైకి ఉద్యోగుల జాబితా వచ్చింది. ఐదు పేర్లే. బాబు పేరు, వాడి స్నేహితుల పేర్లు పెట్టింది. ఆ తెరను ఫోనులో ఫొటో తీసుకుంది కూడా.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసింది. వార్ ఫైలు తెరిచి, ఇందులో సర్వ్‌లెట్ జార్ లేదేమిటని అడిగారట. 'అది టామ్‌క్యాట్ ఇస్తుందండీ' అని చెప్పిందట. గ్యాప్ గురించి ఎవరూ అడగలేదట. గురువారం రెండో రౌండు.

''ఈసారి స్ప్రింగ్ బూట్ అట. అది నా నోట్సులో లేదు'' అంది.

నాకూ తెలియదు. మా కుర్రాడి దగ్గరికి వెళ్లి చెప్పాను. వాడు కీబోర్డు మీంచి తలెత్తకుండానే అన్నాడు. ''ముందు అక్కను ఏ వెర్షనో కనుక్కోమనండి సార్. 2022 నవంబరులో వచ్చిన మూడో వెర్షన్ నుంచి అక్కడ కూడా జకార్తానే.''