ఎర్ర రై బీరు - ఒక రుచి విచారణ

తెలుగు పండితుడు మద్యాన్ని గురించి వ్రాయడమేమిటని కనుబొమలు ముడిచే మిత్రులకు సమాధానం కొంత దూరం పోయాక చెప్పుకుంటాను. ముందుగా విషయం.

హాప్సు దండిగా వేసిన ఎర్ర రై బీరు. ఈ పేరులో విశేష్యం ఒక్కటే, బీరు. విశేషణాలు మూడు. ఒకటి రంగు, ఒకటి ధాన్యం, ఒకటి పువ్వు. ముప్పైయేళ్ళకు పైగా పిల్లల చేత విగ్రహవాక్యాలు చెప్పించిన అలవాటు కొద్దీ నాకు కలిగే మొదటి సందేహం, ఈ మూడు విశేషణాలూ పని చేస్తున్నాయా, లేక ఏదైనా పాదపూరణానికి వచ్చిందా అని. గణం కిట్టక "మరి", "ఇల", "తగ" అని అతికించే పద్యకారుణ్ణి మనం క్షమించము. రై వేశామని సీసా మీద అచ్చువేసి, ఆ ధాన్యపు జాడ నాలుకకు తెలియనివ్వని బీరును మాత్రం ఎందుకు క్షమించాలి?

తెలియనివారి కోసం రెండు మాటలు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అనగా మన యవలను, వేడినీటిలో నానబెట్టి, దిగిన తియ్యని నీటిని హాప్సుతో మరగించి, చల్లార్చి, ఈస్టుతో పులియబెడితే బీరు. బవేరియా పాలకులు 1516లో చేసిన శాసనం బార్లీ, హాప్సు, నీరు తప్ప అన్యపదార్థం కూడదన్నది. రై, గోధుమలు రొట్టెకు మిగలాలన్నది దానికి చెప్పే కారణాలలో ఒకటి. రై చలిదేశపు ధాన్యం, ఉత్తర, తూర్పు ఐరోపా ప్రజల నల్లరొట్టె దీనితోనే. మనకు దీనికి పేరు లేదు. హిందీవారి "రాయీ" ఆవాలు. దానికీ దీనికీ చుట్టరికం లేదు, ఉచ్చారణలో పోలికే తప్ప.

రైతో బీరు కాచడం కష్టమైన పని. బార్లీకి ఉన్న పొట్టు దీనికి లేదు. పైగా నీళ్ళలో పడితే గంజిలా జిగురెక్కుతుంది. వడకట్టేచోట అడ్డుపడి దిగదు. అందుకు వారు చేసే ఉపాయం వింటే మనవాళ్ళకు సంతోషం కలుగుతుంది: వరి ఊక కలుపుతారు! మనం ధాన్యం మర పట్టించి పారబోసే ఊక, అమెరికా బీరు కార్ఖానాలలో రై నుండి రసం దిగడానికి దారి చేస్తుంది. ఇంత ప్రయాస కాబట్టే మొత్తం ధాన్యంలో రై సాధారణంగా నూటికి పదిహేను, ఇరవై పాళ్ళు మించదు. ఎరుపు దీనివల్ల రాదు. ఆ పని పాకం పట్టినట్టు వేయించిన బార్లీ మాల్టుది. కనుక మూడు విశేషణాలకూ మూడు వేర్వేరు మూలాలున్నాయి. ఒకటి ఉన్నంతమాత్రాన మరొకటి ఉన్నదని చెప్పలేము.

ఇక హాప్సు. ఇది గంజాయి కుటుంబానికే చెందిన తీగ, అయితే ఆ మత్తు దీనిలో లేదు. ఆడ తీగకు కాసే పొలుసుల మొగ్గలు వాడతారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయ దీనికి ప్రసిద్ధి. మన దేశంలోనూ హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో పండించారు. ఇది రెండు పనులు చేస్తుంది. తియ్యని నీటితో కలిపి చాలాసేపు మరగిస్తే చేదు దిగుతుంది, పరిమళం ఆవిరైపోతుంది. చల్లారిన బీరులో వేసి నాననిస్తే పరిమళం దిగుతుంది, చేదు పెద్దగా పెరగదు. ఆంగ్లంలో ఈ రెండింటికీ ఒకటే విశేషణం, "హాపీ". చేదుగా ఉన్నా హాపీయే, ఘుమఘుమలాడినా హాపీయే. అక్కడి పానప్రియులు ఈ మాట పట్టుకుని వాదులాడుకోవడం నేను విన్నాను. సగం వాదం ఆ మాటదే, బీరుది కాదు. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. చేదు చేదే, తావి తావే.

నేను రుచి చూసిన బీరు మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో 1997లో స్థాపితమైన ఫౌండర్స్ సంస్థవారి "రెడ్స్ రై". కొన్నేళ్ళ క్రితం అమ్మాయి ఇంటికి వెళ్ళినపుడు అల్లుడు తెచ్చాడు. మామా అల్లుళ్ళు ఎదురెదురుగా కూర్చుని బీరు పరీక్షించడం మా వంశంలో అదే మొదలు కాబోలు. ఆయన "మామయ్యగారూ" అంటూ గ్లాసు అందించిన వినయం చూసి మా ఆవిడ లోపలికి వెళ్ళి నవ్వుకున్నది. ఆ బీరును మొదట "పేల్ ఏల్" అనేవారట, తరువాత ముందు "ఇండియా" చేర్చి ఐ.పి.ఏ. చేశారు. ఇంగ్లండు నుండి మన దేశంలోని దొరలకు ఓడలలో పంపిన బీరు మూలంగా వచ్చిన పేరది. పేల్ అంటే వెలవెలబోయిన రంగు. ఎర్రని బీరుకు వెలవెల అన్న విశేషణం, మిషిగన్‌లో కాచినదానికి ఇండియా అన్న విశేషణం! దీనికి విగ్రహవాక్యం చెప్పమంటే నా శిష్యులలో ఒక్కడికీ మార్కులు వచ్చి ఉండేవి కావు.

ఆల్కహాలు నూటికి 6.6 పాళ్ళు. చేదు 70 ఐ.బి.యు. ఈ రెండవ అంకె లీటరు బీరులో హాప్సు నుండి దిగిన చేదు ద్రవ్యాన్ని సుమారుగా మిల్లీగ్రాములలో చెప్పే కొలత. అమెరికావారి పలుచని లాగరు బీర్లలో ఇది పది దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన ఈ బీరు ఏడింతల చేదుగా ఉండాలి కదా అని భయపడుతూ నోట పెట్టుకుంటే అలా అనిపించదు. కారణం మాల్టు తీపి. కాకరకాయ పులుసులో బెల్లం వేసే మన ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అంకె ద్రవ్యాన్ని కొలుస్తుంది, నాలుకను కొలవదు. ఒకప్పుడు ఈ అంకెను వంద దాటించాలని పోటీలు పడ్డ కార్ఖానాలున్నాయి. అది శబ్దాడంబరం వంటిదని నా అభిప్రాయం.

గ్లాసులో పోస్తే రంగు దానిమ్మగింజ ముదిరినట్టు, నురుగు మీగడ రంగులో. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే త్రాగకూడదు. నాలుక మొద్దుబారి ఏమీ తెలియదు. కొంచెం చలి విడవనిచ్చాక వాసన చూస్తే అమరిల్లో అనే రకం హాప్సు తావి, అచ్చంగా నారింజ తొక్కను గోటితో గిల్లినపుడు చిమ్మే నూనె వంటిది. దాని వెనుక బెల్లం ముదురుపాకం. ఆంగ్లంలో వీటికి "గ్రేప్‌ఫ్రూట్" అని వ్రాస్తారు. పంపరపనస తొనల మీది తెల్లపొర కొరికినవారికి ఆ చేదు ఏమిటో తెలుసు. అది వేపపువ్వు చేదు కాదు, మెంతుల చేదు కాదు, కాఫీ చేదు అసలే కాదు. మనకు ఇన్ని చేదులున్నాయి గనుక మనం ఈ పని వారికంటె నిర్దుష్టంగా చేయగలమని నా నమ్మకం.

ఉగాది పచ్చడితో పోల్చమని అల్లుడు సూచించాడు. ఆ పోలిక సులువే గాని అతకదు. పచ్చడిలో రుచులు పక్కపక్కన కూర్చుంటాయి. మామిడిముక్క తగిలినపుడు పులుపు, పువ్వు తగిలినపుడు చేదు. బీరులో అవి వరుసగా రావాలి. ఇందులో మొదట తీపి, ఆ వెంట చేదు, మ్రింగిన తరువాత గొంతు దగ్గర ఒక పొడి పొడి ఘాటు. ఆ మూడవదే రై. అది లేకపోతే పాకపు తీపి నాలుకను వదలదు, రెండవ గుక్కకే మొహం మొత్తుతుంది. అందువలన ఈ బీరులో రై పాదపూరణం కాదని తీర్పు చెబుతున్నాను. పేరు పెట్టుకుని ఈ పని చేయలేని బీర్లు మరి రెండు అదే వారంలో చూశాను. వాటిలో పువ్వు అరుపుకు ధాన్యం నోరు మూసుకున్నది.

అమెరికాలో బీరు పరీక్షకులకు ఒక మార్కుల పట్టిక ఉన్నది. మొత్తం యాభై. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తోచే స్పర్శకు 5, సమగ్రంగా 10. దస్తూరికి మూడు మార్కులు, భావానికి ఇరవై అన్నమాట. మా వ్యాసరచన పేపర్లకంటె ఇదే న్యాయంగా ఉంది. నా దిద్దుబాటులో ఈ బీరుకు వాసన 10, రూపం 3, రుచి 15, స్పర్శ 4, సమగ్రం 8, వెరసి 40. రుచిలో అయిదు తగ్గించినది ఎందుకంటే, గ్లాసు అడుగుకు వచ్చి వేడెక్కేసరికి పాకం మళ్ళీ పైకి వచ్చి, ఘాటు దానిని ఆపలేకపోయింది. తాజాదనం విషయంలోనూ జాగ్రత్త అవసరం. హాప్సు తావి నెలలలో వాడిపోతుంది. ఎండ తగిలితే ముక్కు మూసుకోవలసిన కంపు పుడుతుంది. సీసా మీద తేదీ చూడని పరీక్ష పరీక్ష కాదు.

ఇప్పుడు కనుబొమల మాట. నేను పాఠాలు చెప్పిన ఊళ్ళలో సారా పాకెట్టు ఏలిన రోజులున్నాయి. కూలి డబ్బు చేతికొచ్చిన మర్నాడు హాజరుపట్టీలో ఎవరి పేర్లకు సున్నాలు పడతాయో ముందే తెలిసేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో పేరుపడిన ఉద్యమం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ తరగతి గదిలోంచి చూసినవాణ్ణి. బీరు రుచిని వర్ణించడం త్రాగుడుకు పట్టుబట్ట కట్టడమే అని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. ఆయన కోపాన్ని నేను తేలికగా కొట్టివేయను. ఈ సీసా 355 మిల్లీలీటర్లే అయినా అందులో స్వచ్ఛమైన ఆల్కహాలు 23 మిల్లీలీటర్లకు పైమాటే. రై వేసినంతమాత్రాన అది కాలేయానికి వేరుగా కనబడదు. మేము ముగ్గురం ఒక్క సీసా పంచుకున్నామని చెప్పడం గొప్పకు కాదు, పరీక్షకు అంతకంటె అక్కరలేదు గనుక.

అయితే ఆ పాకెట్టును ఎవరూ రుచి చూసి త్రాగలేదు. నాలుకకు తగలకుండా గొంతులో పోసుకునేవారు. నేటికీ మన దుకాణాలలో చాలామంది అడిగేది "స్ట్రాంగ్ ఏది" అని. ఎలా ఉంటుందని కాదు. మన భాషలో మత్తుకు ఉన్నన్ని మాటలు మద్యపు రుచికి లేకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను. కైపు, మైకం, నిషా, తూలడం, తందనాలాడడం. రుచికి మాత్రం "బావుంది", "బాలేదు". రుచి చెప్పగలిగినవాడు తక్కువ త్రాగుతాడని నేను పూచీ పడలేను. కాని ఏమి త్రాగుతున్నాడో చెప్పలేనివాడికి ఎక్కడ ఆపాలో చెప్పడం కష్టమని మాత్రం అనుభవం మీద అంటున్నాను. మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు.

ఒక్క మాట దగ్గర నాకు తృప్తి లేదు. రై ఇచ్చే ఆ మూడవ రుచికి ఆంగ్లంలో "స్పైసీ" అంటారు. షడ్రసాలలో కటువు అంటే కారం, తిక్తం అంటే చేదు, కషాయం అంటే వగరు. ఇది మిరపకారం కాదు, వగరు కొంత ఉన్నా వగరు కాదు. మిరియం నమిలి ఉమ్మేశాక మిగిలేదానికి దగ్గర. పైన "ఘాటు" అని వాడాను గాని, అది ముక్కుకు తగిలే మాట, గొంతుకు తగిలేది కాదు. రాయలసీమలోనో ఉత్తరాంధ్రలోనో తెలంగాణలోనో దీనికి సరైన మాట వాడుకలో ఉండే ఉంటుంది. ఎరిగినవారు చెబితే పైన రెండుచోట్లా మార్చి వ్రాస్తాను.