నాన్న కోసం అనే గడి ఏది?

పేరున్న పెళ్లి సంబంధాల యాప్ ఏదైనా తెరవండి. మొదట్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ ప్రొఫైల్ ఎవరి కోసం? నా కోసం, కొడుకు కోసం, కూతురి కోసం, అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ల కోసం, బంధువుల కోసం, స్నేహితుల కోసం. అమ్మ కోసం, నాన్న కోసం అనే గడి సాధారణంగా ఉండదు. తిరుపతి బాలాజీ కాలనీలో ఒక్కడే ఉంటున్న తండ్రికి తోడు వెతుకుదామని బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కూతురికి అనిపిస్తే, ఆయన్ను బంధువుల గడిలో వేయాలి. యాప్ కట్టినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లు మనల్ని చూసే ఆ జాబితా రాశారు.

పెద్దవాళ్లు తేలిగ్గా వాడుకోగలిగే డేటింగ్ యాప్ ఏది అని అడిగితే దొరికే సలహాలన్నీ అక్షరాల సైజు దగ్గరే ఆగిపోతాయి. పెద్ద బటన్లుండాలి, మెట్లు తక్కువుండాలి, గొంతుతో చెబితే రాసుకోవాలి. ఇవన్నీ ఉంటే మంచిదే. కానీ మా తిరుపతి ప్రాంతపు రిటైరైనవాళ్లను చూసినవాళ్లెవరూ ఫోనే వాళ్లకు అడ్డంకి అనరు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పంపేది వాళ్లే. టీటీడీ నెలనెలా వదిలే సీనియర్ సిటిజన్ల దర్శనం కోటాను క్షణాల్లో పట్టేసేది వాళ్లే; అందులో కుర్రాళ్లు కూడా వాళ్ల ముందు దిగదుడుపే. ప్రకాశం పార్కులో పొద్దున నడక అయ్యాక ఫోన్‌పేలో టీ డబ్బులు కొట్టే చేతికి ప్రొఫైల్ నింపడం రాదంటే నమ్మేదెలా?

అడ్డంకి ఇంట్లో ఉంది. "ఈ వయసులో నీకు పెండ్లేంది నాయనా, నలుగురూ నవ్వితే మా మొగం యాడ పెట్టుకోవాల?" అన్న మాటకు యాప్‌లో ఏ సెట్టింగూ లేదు. రాష్ట్రంలో ముసలివాళ్లు పెరిగిపోతున్నారు, పిల్లల్ని ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో అన్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన తీసేస్తూ ఆ మరుసటి నెలే చట్టసభ బిల్లు కూడా ఆమోదించింది. ఇంకా పుట్టని పిల్లల మీద ఇంత చర్చ జరిగింది. ఉన్న ముసలివాళ్లు సాయంత్రం ఆరు తర్వాత ఎవరితో మాట్లాడుతున్నారన్నది ఎవరికీ పట్టలేదు.

పరువు మాట అలా ఉంచితే, అసలు లెక్క డబ్బుది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ నిబంధనల ప్రకారం ఫ్యామిలీ పెన్షన్ భార్యకో భర్తకో చనిపోయేదాకా, లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మాత్రమే వస్తుంది. చిత్తూరులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు భార్యనే తీసుకోండి. భర్త పోయాక నెలనెలా బ్యాంకులో పడే ఆ పెన్షనే ఆమె స్వాతంత్ర్యం. మందులకు కొడుకును అడగక్కర్లేదు, మనవడి పుట్టినరోజుకు తన చేత్తో తను ఇవ్వగలదు. మళ్లీ మెడలో తాళి పడితే అది ఆగిపోతుంది. అదే, తన సర్వీసు మీద పెన్షన్ తీసుకునే మగాయన మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆయన పెన్షన్‌కు ఢోకా లేదు. మీకు కావలసింది పెళ్లా, స్నేహమా, డేటింగా అని యాప్ అడిగినప్పుడు ఆయన ఇష్టం కొద్దీ జవాబిస్తాడు, ఆమె మాత్రం లెక్క వేసుకుని ఇవ్వాలి. ఈ తేడా తెలిసిన యాప్ ఒక్కటీ నాకు తగల్లేదు.

పెళ్లి లేకుండా కలిసి ఉండటం ఒక దారి. పుణేలో మాధవ్ దామ్లే 2012లో సరిగ్గా దీనికోసమే పెద్దల లివిన్ రిలేషన్‌షిప్ మండలి పెట్టారు. అలా కలిసి ఉండటానికీ చట్టంలో కొంత చోటుంది: పెళ్లి లాంటి బంధంలో ఉన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం రక్షణ ఇస్తుంది, అలాంటి బంధానికి ఏమేం ఉండాలో సుప్రీంకోర్టు 2010లో వేలుసామి కేసులో చెప్పింది. కానీ హిందూ వారసత్వ చట్టం కింద ఆమె వారసురాలు కాదు. పెళ్లి చేసుకున్న భార్యకైతే, భర్త వీలునామా రాయకుండా పోతే, పిల్లలతో సమానంగా ఒక వాటా వస్తుంది. పిల్లలు భయపడేది ఆ వాటాకే. కరకంబాడి రోడ్డులో ఎప్పుడో చౌకగా కొన్న స్థలం ఇప్పుడు ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. ఈ భయాన్ని ప్రేమ కబుర్లతో కాదు, కాగితంతో తీర్చాలి. స్వార్జిత ఆస్తికి వీలునామా రాసి, రిజిస్టర్ చేయించి, పిల్లలకు చూపించి, ఆ తర్వాత ప్రొఫైల్ తెరిచే తండ్రికి ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం ఎట్లాగూ ఉంటుంది.

ఇక యాప్‌ల సంగతి. ఐల్ సంస్థ 2022లో తెలుగువాళ్ల కోసమని 'నీతో' అనే డేటింగ్ యాప్ తెచ్చింది, అది కుర్రకారును చూసి కట్టిందే. బ్రిటన్‌లో 2018లో యాభై దాటినవాళ్ల కోసమే ల్యూమెన్ అనే యాప్ వచ్చింది; ప్రతి ఖాతాదారూ సెల్ఫీతో తన ముఖం తనదేనని రుజువు చేసుకోవాలన్నది అప్పట్లో దాని పద్ధతి. మన పెద్దలు చూడాల్సింది ఇదే. చేరడం తేలికైన చోట దొంగ చేరడమూ తేలికే. తనిఖీ గట్టిగా ఉండి, చేరడానికి రెండు రోజులు పట్టే యాప్‌ను నేను తేలికైన యాప్ అంటాను.

బయటపడటం ఎంత తేలికో కూడా చూడాలి. నెల చందా కట్టేటప్పుడు చాలా యాప్‌లు ఆటోపే పెట్టించుకుంటాయి. ఒక్కో విడత 15,000 రూపాయల లోపు ఉంటే ప్రతిసారీ ఓటీపీ అడగనక్కర్లేదని రిజర్వు బ్యాంకు నిబంధన. ముందురోజు మెసేజ్ వస్తుంది, మరునాడు డబ్బు పోతుంది. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి విడిగా రద్దు చేయాలి. డబ్బు కట్టే ముందే ఆ చోటు ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోవడం మంచిది.

మోసగాళ్ల పాట మారదు. విదేశంలో ఉన్న డాక్టరు, భార్య లేదా భర్త పోయారు, రెండు రోజుల్లోనే యాప్ వదిలేసి వాట్సాప్‌కు రమ్మంటారు. నెల తిరిగేసరికి బహుమతి పార్సిల్ ఢిల్లీ కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది, లేదంటే లాభాలు కురిపించే పెట్టుబడి ఒకటి కనిపిస్తుంది. వీడియో కాల్‌కు రాని మనిషికి రూపాయి కూడా పంపకూడదు. ముఖాలు మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాక వీడియో కాల్‌కు వచ్చిన మనిషికీ పంపకూడదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపడానికి అంత వీలు. పెద్దవాళ్లు అక్కడే ఆలస్యం చేస్తారు. ఎలా పోయిందో చెబితే ఎందుకు పోయిందో కూడా చెప్పాలి గదా!

చిన్న ఊళ్ల చిక్కు ఇంకొకటుంది. మహానగరంలో యాభై కిలోమీటర్ల పరిధి పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు కనిపిస్తారు. తిరుపతిలో అదే పెడితే చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి అన్నీ వచ్చేస్తాయి. వాటిలో మన వియ్యంకుడి తమ్ముడూ వస్తాడు. ఫోన్‌లో నంబర్లున్నవాళ్లకు మన ప్రొఫైల్ కనబడకుండా దాచే వీలు కొన్ని యాప్‌లలో ఉంది. మా ఊళ్లకు అది ఉండి తీరాలి.

ఇంతా చెప్పాక నా మొగ్గు యాప్ వైపు కాదు. హైదరాబాద్‌లో ఎన్.ఎం. రాజేశ్వరి 2010లో పెద్దలకు తోడు చూసిపెట్టే 'తోడు నీడ' సంస్థ పెట్టారు. అహ్మదాబాద్‌లో నటూభాయ్ పటేల్ 2001 భూకంపం తర్వాత ఒంటరైన పెద్దలను చూసి ఇదే పనికి దిగారు. ఈ రెండు చోట్లా పెద్దలను ఒక హాలులో కూర్చోబెట్టి కలపడమే పద్ధతి. నలుగురి మధ్య నిలబడి, నాకు ఫలానా జబ్బుంది, ఇద్దరు పిల్లలున్నారు, వంట రాదు అని చెప్పుకున్న మనిషి గురించి నెల చాటింగ్‌లో తెలియనిది పది నిమిషాల్లో తెలుస్తుంది. యాప్ ఆ హాలు దాకా తీసుకెళ్తే చాలు, అంతకు మించి దానికి పని పెట్టకూడదు.

తిరుపతి, చిత్తూరు పెన్షనర్ల సంఘాలు డీఏ బకాయిల మీద సమావేశాలు పెట్టుకుంటాయి. నెలలో ఒక ఆదివారం అదే హాలును దీనికివ్వాలి. హైదరాబాద్‌లో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లను పిలిచి ఎలా నడపాలో అడగాలి. బెంగళూరు, చెన్నై, అమెరికాల్లో ఉన్న పిల్లలకూ ఒక మాట: పండక్కి వచ్చినప్పుడు అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో యాప్ వేసిచ్చి, ఆటోపే రద్దు చేసే చోటు చూపించండి, 1930 నంబరు సేవ్ చేసి పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం మీరు ఉంచుకోకండి.