చలిలో లొట్టి, ఎండలో లొట్టి

ఫ్రాన్స్‌లో బర్గండీ లాంటి చల్లటి చోట ద్రాక్ష నిదానంగా పండుతుంది. పులుపు మిగులుతుంది, చక్కెర తక్కువ, అందుకే అక్కడి రెడ్ వైన్ తేలిగ్గా, చురుగ్గా ఉంటుందంటారు. ఎండ దేశాల్లో ద్రాక్షకు తీపెక్కి, ఆల్కహాలూ ఎక్కువై వైన్ బరువెక్కుతుంది. ఆపైన తొక్కల్ని రసంలో ఎన్నాళ్లు నాననివ్వాలన్నది చేసేవాళ్ల ఇష్టం. ఎరుపూ వగరూ వచ్చేది ఆ తొక్కల నుంచే. దీనిమీద పుస్తకాలు, కోర్సులు, పరీక్షలు. మరి మన కరీంనగర్ ఈతకల్లు మీద ఒక్క పేజీ రాయమేం?

ఇక్కడా అదే కథ, కాకపోతే ఉల్టా. చలి పనిచేసేది పండు మీద కాదు, లొట్టి మీద. చెట్టు నుంచి కారే తియ్యటి నీరు లొట్టిలో పడ్డప్పటి నుంచే ఈస్టూ బ్యాక్టీరియా పని షురూ చేస్తయి. ఆదిలాబాద్‌లో డిసెంబరు రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగితే పులియడం నత్తనడక. పొద్దుగాల దించిన ఈతకల్లు తియ్యగా ఉండేది అందుకే. మే నెల తాటికల్లు మధ్యాహ్నానికే పుల్లబడి ఘాటెక్కుతుంది. చలి ద్రాక్షకు పులుపు మిగిల్చితే కల్లుకు తీపి మిగులుస్తుంది!

ఇక చేతి పని. లొట్టి బాగా కడగాలా, నిన్నటి మడ్డి కొంచెం ఉంచాలా? లోపల సున్నం పూయాలా? పూస్తే పులియదు, నీరాగానే ఉంటుంది. ఎంత గీయాలి, ఎప్పుడు దించాలి? ఇవన్నీ గీత కార్మికుడు మోకు మీద ఆనుకొని తేల్చుకునే సంగతులు. మనకు ల్యాబ్‌లో వైవా ఉన్నట్టే, ఆయనకు చెట్టు కింద ముంత పట్టుకున్నోళ్లే ఎగ్జామినర్లు.

ఈ విద్యను చంపుతున్నది కల్తీ. డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన తెల్లనీళ్లకు చలికాలమేంది, ఎండాకాలమేంది? పన్నెండు నెలలూ ఒకే రుచి, ఒకే మత్తు ఉన్న కల్లును నేనైతే నమ్మను. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి ఆ సరుకు దొరక్కపోయేసరికి నిజామాబాద్ జిల్లాలో అలవాటు పడ్డోళ్లు వణుకుతూ ఆసుపత్రులకు చేరారు. తప్పు కల్లుది అనేశారు చాలామంది. చెట్టు ఏం చేసింది పాపం?

2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు, మంచిదే. ఊళ్లో సాయంత్రం కల్లు దుకాణంలో కూర్చునే కూలీకి మాత్రం కావాల్సింది వేరే. లొట్టిలో ఆల్ప్రజోలం ఉందో లేదో నిమిషంలో చెప్పే చవక స్ట్రిప్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకట్లేదని గ్రూపులో మొత్తుకుంటున్నోళ్లు ఎవరైనా కలిసొస్తే, నేను రెడీ.